నల్లమలలో ఏటా అవే గుట్టలు ఎందుకు కాలుతున్నాయి?

ప్రశ్న: అడవి మంటల శాటిలైట్ అలర్టులు మ్యాపు మీద వేసి చూస్తున్నాను. నల్లమలలో ఫిబ్రవరి నుంచే ఎర్రచుక్కలు బారులు తీరతాయి, దాదాపు ఏటా అవే గుట్టల మీద. పాడేరు వైపు చుక్కలు చెదురుమదురుగా ఉంటాయి. ఈ తేడా దేనివల్ల? ఫైర్‌లైన్ (మంట దాటకుండా ఆకు, గడ్డి తీసేసిన పట్టీ) ఎక్కడ వేస్తే పనిచేస్తుంది?

అడవిబాట: పాడేరు వైపువి చాలావరకు పోడు మంటలండి. నరికిన కంప ఎండాక తొలకరికి ముందు కాలుస్తారు.

నల్లమల ఆకురాల్చే అడవి, రాతి మీద పలచటి మట్టి. వానలు వెనుదిరిగాక తేమ ఎన్నాళ్ళో నిలవదు. గడ్డి నిలువునా ఎండుతుంది, దాని మీద టేకాకు రాలుతుంది. ఎండిన టేకాకు అప్పడంలా ముడుచుకుంటుంది, కింద గాలి ఆడుతుంది. ఇక బీడీ ముక్క చాలు. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకు కాల్చినా అంతే.

అవే గుట్టలు ఎందుకంటే, కాలిన చోట మొలకలు చస్తాయి, నీడ పలచబడుతుంది, ఎండ తగిలి మళ్ళీ గడ్డే లేస్తుంది. మరుసటి ఏడు కాలేది ఆ గడ్డే. దక్షిణం, పడమర వాలులు ముందు ఎండుతాయి. వాగు ఒడ్డున ఏరుమద్దుల కింద చాలాసార్లు మంట దానంతటదే చల్లారుతుంది.

గుట్టదారి: వాలు మధ్యలో లైను వేయొద్దు. మంట ఎగువకు ఎగబాకుతుంది. వాలు 10 డిగ్రీలు పెరిగితే వేగం సుమారు రెట్టింపని లెక్క. గుట్ట కొప్పు దాటాక, అవతలి వాలు మొదట్లో వేయండి. అక్కడ మంట నెమ్మదిస్తుంది.

మట్టి కనిపించేదాకా గీకాలి. జనవరిలో గీకి వదిలేస్తే మార్చికి ఆకు నిండి మంట దాని మీదుగానే దాటిపోతుంది. బ్లోయర్‌తోనో చీపుళ్ళతోనో మళ్ళీ మళ్ళీ ఊడ్చాల్సిందే.

దయచేసి ఒకటి గుర్తుంచుకోండి: కింద మంట ఉండగా ఎవరినీ పైవాలులో నిలబెట్టొద్దు, ప్రాణం పోతుంది. కాలిన నేల మీద నడుస్తూ పక్క నుంచి పచ్చికొమ్మలతో కొట్టాలి.

మ్యాపుగీత: చుక్కను మంట పుట్టిన చోటు అనుకోకండి. మంటల వేడిని పసిగట్టే ఉపగ్రహ సెన్సర్లలో వీర్స్‌ది అయితే అది 375 మీటర్ల గడికి మధ్య బిందువు, మోడిస్‌ది అయితే ఒక కిలోమీటరు గడికి. వీర్స్ ఉపగ్రహాలు పగలు, రాత్రి ఒకటిన్నర ప్రాంతంలో దాటుతాయి. సాయంత్రం 4కి అంటుకుని 10కి ఆరిన మంట వీర్స్ చుక్కల్లో ఉండదు. సెంటినెల్-2 ఉపగ్రహం తీసిన బొమ్మల్లో కాలిన మచ్చ వెతకండి, అదీ వెంటనే. కొన్ని వారాలకే కొత్తగా రాలిన ఆకు దాన్ని కప్పేస్తుంది.