చిన్నప్పటి సైఫై పిచ్చి రచయితను తయారుచేస్తుందా, అభిమానిగానే ఉంచేస్తుందా?

నీలిరాత్రి:
డాక్టర్ అనే గ్రహాంతరవాసి కాలంలో, అంతరిక్షంలో తిరిగే బీబీసీ సైన్స్ ఫిక్షన్ సీరియల్ ‘డాక్టర్ హూ’ 1963లో మొదలై 1989లో ఆగిపోయింది. 2005లో దాన్ని మళ్లీ తెచ్చిన రసెల్ టి. డేవిస్, ఆ తర్వాత నడిపిన స్టీవెన్ మోఫట్, క్రిస్ చిబ్నల్ ముగ్గురూ చిన్నప్పుడు ఆ సీరియల్ అంటే ప్రాణం పెట్టినవాళ్లే. దానివల్ల సీరియల్‌కి మేలు జరగలేదనే నా వాదన. చిన్నప్పుడు ఇష్టపడ్డవాటిని పెద్దయ్యాక కూడా వదల్లేకపోయారు. డాలెక్‌లు, సైబర్‌మెన్ లాంటి పాత విలన్‌లు పదే పదే తిరిగొచ్చింది అందుకే.

పాతరేడియో:
డాలెక్‌ల మాట నిజమే, నాకూ విసుగొచ్చింది. కానీ ఆ ఇష్టం వాళ్లను పాత కథలకు కట్టేసిందంటే ఒప్పుకోనండి. ఆ రోజుల్లో ఎపిసోడ్ ఒకసారి వెళ్లిపోతే మళ్లీ చూసే దారి దాదాపు లేదు. 1960ల నాటి టేపులు చాలావరకు బీబీసీయే చెరిపేసింది. కొందరు అభిమానులు టీవీ స్పీకర్ ముందు మైకు పెట్టి మాటలు రికార్డు చేసుకున్నారు. బొమ్మ పోయిన ప్రతి ఎపిసోడ్‌కీ ఇవాళ శబ్దమైనా మిగిలిందంటే వాళ్ల చలవే. మిగతా పిల్లలకు దిక్కు టార్గెట్ అనే ప్రచురణ సంస్థ వేసిన చిన్న నవలలు. టీవీ కథలనే టెరెన్స్ డిక్స్ లాంటివాళ్లు పుస్తకాలుగా రాసేవారు. చూడని కథను చదువుతూ, ఆ గ్రహం ఎలా ఉంటుందో, ఆ రాక్షసుడు ఎలా నడుస్తాడో పిల్లలే ఊహించుకోవాలి. రాయాలనుకునేవాడికి అంతకంటే మంచి సాధన ఏముంటుంది?

ఇంకోటి. అంతగా ప్రేమించినవాడికే తప్పులూ కనబడతాయి. 1986లో, ఇంకా టీనేజ్‌లో ఉన్న చిబ్నల్, బీబీసీ చర్చా కార్యక్రమంలో కూర్చుని, సీరియల్ రచయితలు వింటుండగానే ఆ ఏటి కథలు బాగోలేవన్నాడు.

నీలిరాత్రి:
మీరు పైకొచ్చినవాళ్లనే చూపిస్తున్నారు. అవే నవలలు చదివిన మిగతా పిల్లలంతా రచయితలు కాలేదు కదా.

పాతరేడియో:
కాలేదు. ఇష్టం ఒక్కటే చాలని నేననడం లేదు. డేవిస్‌కి ముందు పేరు తెచ్చింది 1999లో మాంచెస్టర్ గే యువకుల మీద రాసిన ‘క్వీర్ యాజ్ ఫోక్’. చిబ్నల్‌కి ‘బ్రాడ్‌చర్చ్’ అనే క్రైమ్ సీరియల్. బయట నేర్చుకున్న ఆ పనే ఇక్కడా అక్కరకొచ్చింది. 2005 మొదటి ఎపిసోడ్ ఇంకోసారి చూడండి. కథ డాక్టర్‌తో మొదలవదు. లండన్‌లో రోజ్ అనే అమ్మాయి అలారం మోగితే లేచి, అమ్మకు బై చెప్పి, డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో డ్యూటీకి వెళ్తుంది. పాత సీరియల్‌లో డాక్టర్ వెంట వెళ్లే అమ్మాయికి ఇల్లూ, అమ్మా, ఉద్యోగమూ ఇంతగా చూపించడం చాలా అరుదు.