డిమెన్షియా ఉన్నవాళ్లను చూసుకోవడానికి కూడా ట్రైనింగ్ కావాలా?

గోదావరి_కోడలు: మా అత్తగారికి డిమెన్షియా, అదే మతిమరుపు జబ్బు, అని తేలి మూడేళ్లయింది. సాయంత్రం ఐదైతే చాలు, సంచి సర్దుకుని "మా ఇంటికి పోతా" అంటూ గుమ్మంలో నిలబడతారు. ఇదే మీ ఇల్లని చెప్పేకొద్దీ గొడవ ముదురుతుంది. డాక్టర్ గారు మాత్రలు రాశారు గానీ ఇలాంటప్పుడు ఏం మాట్లాడాలో చెప్పలేదు. మనకీ ట్రైనింగ్ ఉండాలంటాను.

రిటైర్డ్_మాస్టారు: మా నాయనమ్మకు చాదస్తం వచ్చినప్పుడు మా అమ్మ ఏ కోర్సు చేసిందమ్మా? అభిమానం ఉంటే అదే వస్తుంది.

ఖమ్మం_నర్సు: అభిమానం ఉన్నవాళ్లే ఎక్కువ వాదిస్తారు మాస్టారూ! "అలాగే వెళ్దాం, ముందు కాఫీ తాగుదాం" అనడం నేర్చుకుంటేనే వస్తుంది. స్నానానికి రానంటే నెత్తిన చెంబుడు నీళ్లు గుమ్మరించకుండా పాదాల నుంచి మొదలుపెట్టడం కూడా అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 'ఐసపోర్ట్' అని ఇంట్లోవాళ్ల కోసమే ఒక ఆన్‌లైన్ కోర్సు తయారుచేసింది. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు దాన్ని మన దేశానికి తగ్గట్టు మార్చారు.

ఒంటరి_కూతురు: ఆన్‌లైన్ కోర్సు ఎప్పుడు చూడాలక్కా? రాత్రి అమ్మ మూడుసార్లు లేస్తుంది. నాకు కావాల్సింది వారానికి నాలుగు గంటల సెలవు. ఈ క్లాసులన్నీ "ఇక నువ్వే చూసుకో" అని చేతిలో సర్టిఫికెట్ పెట్టడమే. అమెరికా నుంచి వీడియో కాల్‌లో సలహాలిచ్చే మా అన్నయ్యకు ఇప్పించండి ముందు.

ఖమ్మం_నర్సు: అన్నయ్య విషయంలో నీదే రైటు. కానీ అందరూ సెల్‌ఫోన్ ముందు కూర్చోనక్కర్లేదు. గోవాలో స్థానికులకే శిక్షణ ఇచ్చి డిమెన్షియా ఉన్న ఇళ్లకు పంపారు. 81 కుటుంబాలతో చేసిన ఆ అధ్యయనం 2008లో అచ్చయింది. చూసుకునేవాళ్ల మానసిక ఒత్తిడి తగ్గింది. పెద్దవాళ్ల లక్షణాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు, అదీ దాచను.

ఒంటరి_కూతురు: మనిషి ఇంటికొస్తే వేరే మాట. ఆమె ఉన్న గంటలో నేను తలస్నానమైనా చేస్తా.

రిటైర్డ్_మాస్టారు: మా అమ్మ ఆ నాలుగేళ్లూ ఒక్క పెళ్లికీ వెళ్లలేదు. ఇది చదివాకే గుర్తొచ్చింది. మేం మగపిల్లలం ముగ్గురం ఇంట్లోనే ఉన్నాం.

గోదావరి_కోడలు: నిన్న కాఫీ మాట అన్నాను. తాగి మళ్లీ సంచి తీశారు. సరేనని వీధి చివరిదాకా నడిపించి తీసుకొచ్చాను. అరవలేదు. నర్సక్కా, ఆ స్నానం సంగతి కాస్త వివరంగా రాస్తారా?