ఇంగ్లిష్ అక్షరాల్లో వెతికితే మా పూతరేకుల పేజీ కనపడట్లేదు

ఆత్రేయపురం పూతరేకులు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాం. వర్డ్‌ప్రెస్ సైటు, పేజీలన్నీ తెలుగు లిపిలోనే. గూగుల్‌లో మన సైటు ఎలా కనపడుతోందో చూపే సెర్చ్ కన్సోల్‌లో గత 28 రోజుల లెక్క చూస్తే, తెలుగులో టైప్ చేసి వెతికినప్పుడు సగటు స్థానం 6. అదే మాట ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే 41. మాకు ఫోన్ చేసి కొనేవాళ్లలో ఎక్కువమంది ఈ రెండో రకమే. పైగా స్పెల్లింగ్ ఒకటి కాదు: ఒకరు ‘యు’ పెడతారు, ఇంకొకరు రెండు ‘ఓ’లు.

ముందు మెటా డిస్క్రిప్షన్‌లో (వెతికినప్పుడు లింకు కింద చూపడానికి రాసే చిన్న వివరణ) రెండు స్పెల్లింగులూ చేర్చాను, మార్పు లేదు. తర్వాత ఫొటోల ఆల్ట్ టెక్స్ట్‌లో (ఫొటోలో ఏముందో చెప్పే మాటలు) పెట్టి ఆరు వారాలు ఆగాను. 43 నుంచి 41కి వచ్చింది, అంతే. బోర్లించిన కుండ మీద రేకు తీసే రీల్‌కు 18 వేల వ్యూస్ వచ్చాయి, సైటు దాకా వచ్చింది మాత్రం 9 మంది! పేజీ ఇండెక్స్ అయింది (గూగుల్ జాబితాలో చేరింది), మొబైల్‌లో త్వరగానే తెరుచుకుంటోంది. మెటా కీవర్డ్స్‌ను (పేజీ కోడ్‌లో రాసిపెట్టే వెతుకు మాటలను) గూగుల్ పట్టించుకోదని తెలుసు, దయచేసి అది మాత్రం చెప్పకండి.

తెలుగు సైటు నడిపిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి: ఇదే పేజీ టైటిల్‌లో ఇంగ్లిష్ స్పెల్లింగ్ చేర్చడం మేలా, లేక ఇంగ్లిష్‌లో వేరే పేజీ రాసి హెచ్‌రెఫ్‌లాంగ్‌తో (ఏ పేజీ ఏ భాషవాళ్లకో గూగుల్‌కు చెప్పే ట్యాగ్) కలపడం మేలా?