గొంతు గుర్తుపట్టకూడదు, మాట మాత్రం అర్థం కావాలి: ఎలా మార్చాలి?

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో సీజన్ కూలికి వెళ్లే ఆడవాళ్లతో ఒక పాడ్‌కాస్ట్ చేస్తున్నాం. ఓవర్‌టైమ్‌కి రెట్టింపు కూలి ఇవ్వాలని చట్టంలో ఉంది, వీళ్ల చేతికి రావడం లేదు. పేర్లు ఎలాగూ చెప్పం. గొంతు కూడా తెలియకూడదన్నది వాళ్ల షరతు. తెలిస్తే వచ్చే తోతాపురి సీజన్‌కి పని ఉండదు.

రికార్డింగ్ ఫోన్‌లోనే, మోనో, 44.1 కిలోహెర్ట్జ్, వేవ్ ఫైల్. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఛేంజ్ పిచ్‌తో గొంతు స్థాయిని 4 సెమీటోన్లు (స్వరంలో అర మెట్లు) తగ్గించి అదే ఊరి ఆమెకు వినిపిస్తే పది సెకన్లలో పట్టేసింది. 8 తగ్గిస్తే బావిలోంచి మాట్లాడినట్టుంది, ‘పోతాండాం’, ‘వస్తాండాం’ ఏదీ తెలియడం లేదు. పైగా తగ్గించినంతా మళ్లీ పెంచితే అసలు గొంతు దాదాపు తిరిగొచ్చేసింది! అది మేమే చేసి చూశాం, అప్పట్నుంచి టెన్షన్. ఒకావిడ ప్రతిదానికీ ముందు ‘అదేమంటే నాయనా’ అంటుంది. అవన్నీ కత్తిరించాక కాస్త నయం, అంతే. వాళ్ల మాటల్నే రాసి తిరుపతి ఫ్రెండ్‌తో చదివిస్తే వార్తలు చదివినట్టు వచ్చింది.

మా దగ్గరున్నది 8 జీబీ ర్యామ్ విండోస్ ల్యాప్‌టాప్, గ్రాఫిక్స్ కార్డు లేదు. అసలు ఆడియోని ఏ వెబ్‌సైట్‌కీ ఎక్కించలేం.

ఇంటర్నెట్ లేకుండా, ఉచితంగా, వెనక్కి తిప్పడానికి వీల్లేకుండా గొంతు మార్చి, యాస మాత్రం అర్థమయ్యేలా ఉంచే సాఫ్ట్‌వేర్ గానీ సెట్టింగ్స్ గానీ మీలో ఎవరైనా వాడారా?