చెస్ టోర్నమెంట్: మొదటి రౌండు పెయిరింగ్స్ సంగతి తేల్చాలి

అందరికీ నమస్తే. హాలు, బోర్డులు, గడియారాలు కుదిరాయి, ఇక మిగిలింది పెయిరింగ్స్, అంటే ఎవరికి ఎవరితో ఆట అన్నది. స్విస్ పద్ధతిలో (ఓడినా ఎవరూ బయటికి పోకుండా అందరూ అన్ని రౌండ్లూ ఆడేది) మొదటి రౌండుకి రేటింగ్ జాబితాలోని పైసగాన్ని కిందిసగంతో జత చేస్తారు, అంటే 40 మంది వస్తే 1వ సీడ్‌కి (జాబితాలో మొదటివాళ్లకి) 21వ సీడ్, 20వ సీడ్‌కి 40. మన దగ్గర రేటింగ్ 2000 దాటినవాళ్లూ ఉన్నారు, గుర్రం ఎలా కదులుతుందో ఈ మధ్యే నేర్చుకున్న పిల్లలూ ఉన్నారు. రేటింగులు కట్టే ఎలో లెక్కలో (గెలుపుకి 1, డ్రాకి అర పాయింటు) 200 రేటింగ్ పాయింట్ల తేడాకే బలమైనవాళ్లకి ఆటకి సగటున 0.76 పాయింటు రావాలి, 400 తేడా అయితే 0.91.

> అన్నా, మరి పెద్ద రేటింగ్ వాళ్లని పిల్లలతో కాస్త చూసీచూడనట్టు ఆడమందామా? పోయినసారి మా పాప పన్నెండో ఎత్తుకే మేట్ అయిపోయి, రెండో రౌండు ఆడనని ఒకటే ఏడుపు.

వద్దక్కా. కావాలని వదిలేస్తే పిల్లలు ఇట్టే పసిగడతారు, పైగా అరపాయింటు తేడాతో బహుమతి పోయేవాళ్లకి అది అన్యాయం. నేను 1200 దగ్గర ఉన్నప్పుడు 2100 ఉన్న ఒకాయనతో పడింది. ఓడిపోయాను. లేచి వెళ్లబోతుంటే ఆయన ఆగమని, పావులు మళ్లీ సర్ది, నేను ఆశపడి బంటు తీసుకున్న ఎత్తు దగ్గర ఆపి "ఇక్కడ నేను ఏం ఆడతాననుకున్నారు?" అని అడిగారు. నేనసలు ఆయన వైపు నుంచి చూడనే లేదని అప్పుడే తెలిసింది, ఆ పది నిమిషాలు నాకు ఇప్పటికీ ఉపయోగపడుతున్నాయి.

అందుకని నా మాట: 1600 లోపువాళ్లకి, రేటింగ్ లేనివాళ్లకి వేరే సెక్షన్ పెడదాం, ధైర్యంగా పైసెక్షన్‌లో ఆడతామన్నవాళ్లని ఆపొద్దు. పక్కగదిలో రెండు బల్లలు వేసి, ఆట అవ్వగానే ఇద్దరూ కూర్చుని చూసుకునేలా చేద్దాం. ర్యాపిడ్‌లో (తక్కువ టైం ఇచ్చే ఆటల్లో) ఎత్తులు రాయడం తప్పనిసరి కాదు గానీ రాయకపోతే చూసుకోవడానికి ఏమీ మిగలదు, కాబట్టి పిల్లలందరికీ ఎత్తులు రాసుకునే స్కోర్‌షీట్లు ఇద్దాం.

> స్కోర్‌షీట్లు నేను ప్రింట్ చేయిస్తా. మరి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్లో రేటింగ్ లేకపోయినా గట్టిగా ఆడేవాళ్లు ఉంటారు కదా, వాళ్లనెక్కడ వేద్దాం?

మంచి ప్రశ్న. వాళ్లతో ముందురోజు ఒక్క ఆట ఆడి చూస్తే చాలు, అది నేను చూసుకుంటా. రిజిస్ట్రేషన్ ఫారంలో ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) రేటింగ్, ఇక్కడి ఫెడరేషన్ రేటింగ్ వేర్వేరుగా అడగండి, రెండూ ఒకటి కావు. పక్కగదిలో కూర్చుని ఆటలు చూసుకోవడంలో సాయం చేయడానికి 1800 పైన ఉన్నవాళ్లు ఇంకో ఇద్దరు కావాలి, గురువారంలోగా ఇక్కడే చెప్పండి.