నాయకుల నోట ‘మనం’ అంటే ఎవరు?

చర్చాంశం: ప్రజలను ఏకం చేసే రాజకీయ నినాదం ఎవరో ఒకరిని పరాయివారిని చేయక తప్పదా?

కూకట్‌పల్లి వాసి:
తప్పదని నేను అనుకోను. 1982లో ఎన్.టి. రామారావు తెలుగువారి ఆత్మగౌరవం పేరుతో జనం ముందుకు వచ్చేనాటికి, బేగంపేట విమానాశ్రయంలో ముఖ్యమంత్రి అంజయ్యకు రాజీవ్ గాంధీ వల్ల జరిగిన అవమానం ఇంకా పచ్చిగానే ఉంది. ఆయన వేలెత్తి చూపింది ముఖ్యమంత్రులను ఇష్టం వచ్చినట్లు మార్చే ఢిల్లీ అధిష్ఠానాన్నే కాని, పక్కింటివారిని కాదు.

చిక్కడపల్లి పాఠకుడు:
పైకి అది నిజమే. అయితే ఆంధ్రతో కలిసే తెలంగాణకు రక్షణలు హామీ ఇచ్చిన 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందం అమలు కావడం లేదని 1969లో తెలంగాణ విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో ప్రత్యేక రాష్ట్రం కోరిన తెలంగాణ ప్రజా సమితి ఈ ప్రాంతపు 14 స్థానాల్లో 10 గెలిచింది. అంత స్పష్టంగా చెప్పుకున్న అసంతృప్తికి, పదేళ్లు తిరిగేసరికి ‘తెలుగుజాతి’ అన్న మాట కింద చోటు లేకుండా పోయింది. ఎవరినీ పొమ్మనకుండానే ఒకరి ఫిర్యాదును ఇంటి గొడవగా తేల్చివేయడం కూడా వెలివేతే. పాతబస్తీలోని ఉర్దూ కుటుంబాలు ఆ మాటలో ఎక్కడున్నాయో అడిగినవారూ తక్కువ.

మలక్‌పేట వాసి:
మీరిద్దరూ నినాదం ఎంతమందిని కలుపుకొంటుందో చూస్తున్నారు. నాకు అది ఎవరికి గురిపెట్టారన్నది ముఖ్యం. హైదరాబాద్ రాష్ట్రంలో స్థానికులకే ఉద్యోగాలు ఇవ్వాలని 1919 నుంచి ఉన్న ముల్కీ నిబంధనలను పక్కనపెట్టి, దొంగ ధ్రువపత్రాలతో బయటివారు ఉద్యోగాల్లో చేరుతున్నారన్న 1952 నాటి ఫిర్యాదు న్యాయమైనది, ప్రభుత్వం జవాబు చెప్పవలసినది. ఊరేగింపుల్లోకి వచ్చేసరికి అది ‘ఇడ్లీ సాంబార్ గో బ్యాక్’ అయింది. (ఆ ఇడ్లీ ఇప్పుడు నగరంలో ప్రతి సందులోనూ దొరుకుతుంది, అది వేరే సంగతి.) సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. నియామకపు ఉత్తర్వు మీద సంతకం పెట్టిన అధికారి నినాదానికి దొరకలేదు. తినే తిండిని బట్టి గుర్తుపట్టగలిగిన గుమాస్తా దొరికాడు.

కూకట్‌పల్లి వాసి:
గురి గురించి మీరన్నది ఒప్పుకుంటాను, కాని దానికి ఎన్నికల తేదీని కూడా చేర్చాలి. మలివిడత తెలంగాణ ఉద్యమంలో, ఆంధ్ర నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మేము ‘తెలంగాణ వాలే జాగో, ఆంధ్రా వాలే భాగో’ అన్న కేకలు విన్నాం, ‘సెటిలర్లు’ అనిపించుకున్నాం. రాష్ట్రం వచ్చాక ఆ ఉద్యమాన్ని నడిపిన టీఆర్‌ఎస్ పార్టీయే మా కాలనీలకు వచ్చి మీరూ మావారేనని ఓట్లడిగి, 2016 నగరపాలక ఎన్నికల్లో 150 డివిజన్లలో 99 గెలుచుకుంది. మమ్మల్ని కలుపుకొన్నందుకు సంతోషమే. అయితే అంతకుముందు ఎందుకు వేరుచేశారో ఏ సభలోనూ ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.