కోర్దోబా సన్యాసులను హతసాక్షులు అనవచ్చా?

ప్రశ్న:
ముస్లింల పాలనలో ఉన్న స్పెయిన్‌లోని కోర్దోబాలో 850-859 మధ్య దాదాపు 50 మంది క్రైస్తవులకు మరణశిక్ష పడింది, వాళ్లలో చాలామంది మఠాలవాళ్లే. 851లో ఐజాక్ అనే సన్యాసి తబానోస్ మఠం నుంచి వచ్చి, తనంతట తానే ఖాజీ (ముస్లిం న్యాయమూర్తి) ముందు ఇస్లాంను దూషించాడు. అప్పటికి చర్చిలు నడుస్తూనే ఉన్నాయి, మతం మారమని ఆయన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. కోరి తెచ్చుకున్న చావు హతసాక్ష్యం, అంటే విశ్వాసం కోసం ప్రాణమివ్వడం, ఎలా అవుతుంది?

జవాబు 1:
ఈ ప్రశ్న ఆ ఊరి క్రైస్తవులే అడిగారండీ. అద్భుతాలేవీ జరగలేదు, చంపినవాళ్లు విగ్రహారాధకులు కాదు, ఒక్క దేవుణ్ణే నమ్మేవాళ్లు, ఇక ఇది రోమన్ల కాలంనాటి హింసలాంటిది ఎలా అవుతుందని వాదించారు. 852లో బిషప్పులు సభ పెట్టి ఇకమీదట ఎవరూ ఇలా చావుకు ఎదురెళ్లొద్దన్నారు. యులోజియస్ అనే పాదిరి మాత్రం అద్భుతాలు అక్కర్లేదు, విశ్వాసం కోసం నిలబడ్డారా లేదా అన్నదే చూడాలని రాశాడు. 859లో ఆయన తలా తీశారు. ఆయన ధైర్యాన్ని కాదనను, కానీ జైల్లో ఉన్న ఫ్లోరా, మరియ అనే ఇద్దరు అమ్మాయిలకు వెనక్కి తగ్గొద్దని పుస్తకమే రాసి పంపడం నాకు మింగుడుపడదు.

జవాబు 2:
మఠాల ఆలోచనంతా ఇదే అనుకోకండి. అంతకు రెండున్నర శతాబ్దాల ముందే, తానూ సన్యాసిగా బతికిన పోప్ గ్రెగొరీ, శాంతికాలానికీ దాని హతసాక్ష్యం ఉంటుందన్నాడు. మెడ మీద కత్తి పడకపోయినా మనసులోని కోరికల్ని చంపుకుంటే చాలని ఆయన భావం. ఆ లెక్కన ఐజాక్ మఠంలోనే ఉండి ఉన్నా హతసాక్షే.

జవాబు 3:
ప్రవచనం సంగతి వదిలేస్తే వాళ్లు అర్థంకారు. యులోజియస్ స్నేహితుడు ఆల్వార్ సన్యాసి కాదు, గృహస్థుడే, కానీ 854లో ఈ హతసాక్షుల తరఫున గట్టిగా రాశాడు. బైబిల్లో దానియేలు గ్రంథం 7వ అధ్యాయంలోని నాలుగో మృగం కొమ్మును ఇస్లాంకు అన్వయించి, 'ఒక కాలము కాలములు అర్ధకాలము' అంటే మూడున్నర కాలాలు, ఒక్కోటి 70 ఏళ్లు, మొత్తం 245 ఏళ్లని, అందులో 229 అప్పటికే గడిచాయని లెక్కకట్టి, ఇంకో 16 ఏళ్లలో, అంటే 870కల్లా ఆ రాజ్యం ముగుస్తుందన్నాడు. అంతానికి ముందు సువార్త అందరికీ చేరాలి కదా, కాబట్టి ఖాజీ ముందు నోరు విప్పడం ఆయన దృష్టిలో ప్రకటన, ఆత్మహత్య కాదు. అన్వయం తప్పే, నేను సమర్థించను, కానీ ఆ లెక్క నమ్మినవాడికి బిషప్పుల సభ మాట పిరికితనంలాగే వినపడుతుంది. 870 వచ్చింది, పోయింది. 929లో అదే కోర్దోబా ఖలీఫా రాజధాని అయింది.